చీతా పరుగు

నేలపై పరుగెత్తే జంతువులలో చీతాదే అగ్రస్థానం. మన అడవులలోని చిరుతపులి వేరు, చీతా వేరు. చీతా కన్నుల నుండి నోటి దాకా కన్నీటి చారల వంటి నల్లని గీతలుంటాయి. భారతదేశంలో ఇది అంతరించినట్లు 1952లో ప్రకటించారు. 2022లో నమీబియా నుండి తెచ్చిన కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ వనానికి చేర్చారు.

చీతా గంటకు 120 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుందని పలువురు వ్రాస్తారు. అచ్చులో కనిపించిన ప్రతి సంఖ్యనూ నమ్మవలసినదేనా? కొద్దిపాటి భౌతికశాస్త్రంతో మనమే పరీక్షించవచ్చు.

2012లో అమెరికాలోని సిన్సినాటి జంతుప్రదర్శనశాలకు చెందిన సారా అనే చీతా 100 మీటర్ల దూరాన్ని 5.95 సెకన్లలో దాటింది. దూరాన్ని కాలంతో భాగిస్తే సెకనుకు 16.8 మీటర్లు; 3.6తో గుణిస్తే గంటకు సుమారు 60 కిలోమీటర్లు. ‘ఇంతేనా!’ అనిపిస్తుంది. కాని ఇది సగటు వేగం. నిలిచిన చోటి నుండి బయలుదేరిన ప్రాణికి తొలి వేగం శూన్యం. త్వరణం చివరి దాకా తగ్గకుండా ఉంటే తుది వేగం సగటుకు రెట్టింపు, అనగా 121 కిలోమీటర్లు అవుతుంది. నిజానికి వేగం పెరిగేకొద్దీ త్వరణం సన్నగిల్లుతుంది. కనుక గరిష్ఠ వేగం 60కి పైన, 121కి లోపల ఉండాలి.

ఈ హద్దులు మరీ విశాలం. అంగలను లెక్కిస్తే ఇవి దగ్గరవుతాయి. పూర్తి వేగంలో చీతా అంగ సుమారు 7 మీటర్లు. విల్లువలె వంగి సాగే వెన్నెముక వలననే అంత పొడవు సాధ్యం. ఒక్కొక్క అంగలో రెండుమార్లు నాలుగు పాదాలూ నేలను వీడుతాయి. సెకనుకు మూడు నుండి నాలుగు అంగలు వేస్తుందనుకుంటే వేగం గంటకు 76 నుండి 101 కిలోమీటర్లు. 120 కావాలంటే సెకనుకు దాదాపు ఐదు అంగలు వేయాలి!

సారా గరిష్ఠ వేగం 98 కిలోమీటర్లుగా నమోదైంది. 2013లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, బోట్స్‌వానాలోని ఐదు అడవి చీతాల మెడకు పరికరాలు కట్టి 367 పరుగులను కొలిచారు. వాటిలో అత్యధికం 93. రెండూ మన అంచనాలోనే ఉన్నాయి.

అయితే ఆ వేటలలో అధిక భాగం ఇంతకంటె చాలా తక్కువ వేగంతో సాగాయి. ప్రాణభీతితో పరుగెత్తే జింక హఠాత్తుగా మలుపు తిరుగుతుంది. మలుపుకు కావలసిన బలం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగాన్ని సగానికి తగ్గిస్తే, అదే మలుపుకు నాలుగవ వంతు బలం చాలును.