అస్తిత్వ రాజకీయాలు: అమెరికాలోనూ, మన పల్నాటిలోనూ

కొత్త ఊరు వెళితే మనవైపు పేరు తరువాత అడిగే ప్రశ్న "మీరేమిట్లండీ?" అని. జవాబు చెప్పగానే మన పార్టీ ఏదో కూడా ఎదుటివాడు తానే తేల్చుకుంటాడు. నన్ను ఆలోచింపజేసేది ఈ రెండో సంగతే.

కులమో, మతమో, ఒంటి రంగో ముందు పెట్టుకొని రాజ్యాన్ని వాటా అడగడాన్ని అస్తిత్వ రాజకీయాలంటున్నారు. ఈ మాటను మొదట వాడినవాళ్ళలో అమెరికాలోని బోస్టన్ నగరపు నల్లజాతి స్త్రీలు వున్నారు. 1977లో కాంబహీ రివర్ కలెక్టివ్ పేరుతో ఒక ప్రకటన రాశారు. తెల్ల స్త్రీల సంఘాలకూ, నల్ల పురుషుల సంఘాలకూ కూడా తమ కష్టం పట్టడంలేదని వాళ్ళ బాధ. ఇందులో తప్పేముంది?

మరి ఆ దేశం రెండు ముక్కలుగా ఎందుకు నిలబడింది? తమాషా ఏమంటే, 1950లో అక్కడి రాజనీతి పండితుల సంఘమే, పార్టీల మధ్య తేడా స్పష్టంగా లేదు, వుండాలి అని నివేదిక ఇచ్చింది! అప్పట్లో ఉత్తరాది కార్మికులూ, వర్ణభేదాన్ని సమర్థించే దక్షిణాది తెల్లవాళ్ళూ ఒకే డెమొక్రాటిక్ పార్టీలో వుండేవారు. 1964 పౌరహక్కుల చట్టం సెనేట్‌లో 73–27 ఓట్లతో నెగ్గింది. కాదన్న 27 మందిలో 21 మంది డెమొక్రాట్లే. చట్టాన్ని పట్టుబట్టి తెచ్చిన అధ్యక్షుడు జాన్సన్‌దీ అదే పార్టీ. తరువాత దశాబ్దాల తరబడి దక్షిణాది తెల్లవాళ్ళు మెల్లగా రిపబ్లికన్ల వైపు జరిగారు. చర్చికి పోయేవాళ్ళు ఒకవైపు, పోనివాళ్ళు మరొకవైపు. పల్లె ఒకవైపు, నగరం మరొకవైపు. పాత గీతలే. కాకపోతే అన్నీ పార్టీ గీత మీదికే వచ్చి పడ్డాయి.

మా ఫిజిక్సులో దీనికి పోలిక వుంది. మామూలు ఇనుప ముక్కలో డొమైన్లని చిన్న చిన్న భాగాలుంటాయి. ప్రతి భాగమూ అయస్కాంతమే. కాని ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తుంటుంది గనుక మొత్తంమీద ఇనుముకు లాగే గుణం కనపడదు. బయట బలమైన క్షేత్రం పెడితే అవన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. క్షేత్రం తీసేస్తే మెత్తని ఇనుము దాదాపు మామూలైపోతుంది. ఉక్కు మాత్రం కాదు.

పల్నాటి కథనే తీసుకోండి. 12వ శతాబ్దం. నలగామరాజు, మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు, తల్లులు వేరు. చాపకూడు పెట్టి అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడు, మాల కులంలో పుట్టిన కన్నమదాసును సేనాపతిని చేశాడు. కులం గీతను అంత ధైర్యంగా చెరిపినవాడు తెలుగునాట ఆ కాలంలో ఇంకెవరు? అయినా గురజాల–మాచర్ల, శైవం–వైష్ణవం, నాగమ్మ–నాయుడు అన్న మిగతా గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కారంపూడిలో నాగులేటి ఒడ్డున వీరుల గుడి మిగిలింది.

దీన్నిబట్టి కులం పేరెత్తడమే పాపమనే పెద్దమనుషుల మాట నేనొప్పుకోను. 1994 జూలైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలయింది. ఎస్సీల 15 శాతంలో తమ వాటా ఎంత అని అడిగారు. 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6–1 తీర్పుతో వర్గీకరణ చేయవచ్చన్నది. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమలుకు దిగాయి. పేరు చెప్పుకోకుండా ఆ లెక్క తేలేదా?

ఇక మా సంగతి. 2024 మే 13 పోలింగు నాడు, ఆ తరువాత పల్నాడు జిల్లాలో జరిగినవి అందరూ ఎరిగినవే. 144 సెక్షన్ పెట్టారు, ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండ్ చేయించింది. ఎన్నికలు ఐపోయాయి గదా, మా ఊళ్ళో టీ కొట్లు మాత్రం ఇంకా రెండే: వాళ్ళది, మాది. మెత్తని ఇనుము కాదన్నమాట.

మా పొలం సాగరు కుడికాలువ కింద, మేజరు చివర. మిరప, పత్తి. వెనకటి రోజుల్లో నీళ్ళు అందకపోతే చివరి రైతులంతా ఒకే ట్రాక్టరెక్కి ఆఫీసుకు పోయేవాళ్ళమని మా నాయన చెబుతాడు. ఇప్పుడు రెండు ట్రాక్టర్లు, వేరువేరు రోజుల్లో. రెండుసార్లూ ఒకే జవాబు, చూస్తాములే అని. నీటి వినియోగదారుల సంఘాలకు 1997లో చేసిన చట్టం ఊరి హద్దును చూడదు, కులాన్ని చూడదు. కాలువ పారినంత మేరకే హద్దు గీస్తుంది. ఆ లెక్కన మా అసలు కులం "చివరి భూములవాళ్ళు" అనాలి. ఈ ముక్క అంటే మా నాయన నవ్వి వూరుకుంటాడు. ఆయనకు తెలియనిదేం కాదు, మా తూముకు పైన రాత్రిపూట కాలువకు అడ్డుకట్ట వేసేది మా పార్టీవాళ్ళే, మా కులంవాళ్ళే.