మిద్దెమీది పిట్టగోడ

జూదమును అరికట్టు చట్టములు, విశ్వాసి బాధ్యత

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28–36, నెహెమ్యా 5:1–13.

ముఖ్యాంశము: తాను జూదమాడకుండుట విశ్వాసి విధిలో సగము మాత్రమే. పొరుగువాడు పడిపోకుండ అడ్డుగోడ కట్టించుటకు పాటుపడుట మిగిలిన సగము.

మోషే ధర్మశాస్త్రములో క్రొత్త యిల్లు కట్టుకొనువానికి ఒక చిన్న ఆజ్ఞ కలదు. మిద్దె చుట్టు పిట్టగోడ లేకుండ విడువరాదనియు, అక్కడనుండి ఎవడైన పడినచో ఆ దోషము ఇంటివానిపైకి వచ్చుననియు దాని భావము. ఆ దేశపు ఇండ్లకు చదునైన మిద్దెలుండెడివి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టెను రాశివేసి యుంచెను (యెహోషువ 2:6). పేతురు ప్రార్థన చేయుటకు మిద్దె యెక్కెను (అపొ. కార్య. 10:9). పడినవాడు అజాగ్రత్తగా నడచినవాడు కావచ్చును. అయినను ధర్మశాస్త్రము ఇంటివానిని విడిచిపెట్టలేదు.

నిర్గమకాండములోని ఆజ్ఞలును ఇట్టివే. గోతిని త్రవ్వి మూయక విడిచినవాడు అందులో పడిన పశువునకు వెల చెల్లింపవలెను. తన యెద్దు పొడుచునని ముందే తెలిసియుండియు కట్టివేయని యజమానుడు మనుష్యప్రాణమునకు ఉత్తరవాది యగును. ప్రమాదము సంగతి ఎరిగియు ఊరకుండుట ఆ లేఖనములో నేరముగా ఎంచబడినది.

సంఘములలో జూదమునుగూర్చి చేయబడు ప్రసంగములు సాధారణముగా జూదరినే గద్దించును. ఈ పాఠము రెండవ వైపును, అనగా ఆటను నడుపువానిని, ప్రకటనలతో పిలుచువానిని, వారిని అదుపుచేయవలసిన చట్టమును చూపుచున్నది.

1. పడినవాడు, పిలిచినవాడు

జూదరి పాపమును తక్కువచేయ నవసరము లేదు. కష్టపడి పనిచేసి, అక్కరగలవానికి పంచిపెట్టుమని పౌలు బోధించెను (ఎఫెసీ 4:28). జూదములోని లాభమో, మరియొకని నష్టమునుండియే పుట్టును. త్వరగా ధనవంతుడగుటకు ఆత్రపడువాని గతిని సామెతల గ్రంథము ముందుగనే తెలిపెను (సామెతలు 28:20–22).

అయితే ప్రతి జూదమునకును పిలుచువాడొకడు కలడు. భారతకథ నెరిగిన తెలుగు చదువరులకు ఇది క్రొత్త సంగతి కాదు. ధర్మరాజు తనంతట తాను పాచికలు వెదకుకొనుచు పోలేదు, పిలువబడి పోయెను. పిలిచినవారికి ఆట సంగతి తెలియును. నేడు ఆ పిలుపు చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నది. మొదట కొంత సొమ్ము ఉచితముగా ఇత్తురు. చిన్న గెలుపు ఒకటి రెండు చూపుదురు. ఓడినవానికి తృటిలో తప్పిపోయినట్లు తోపజేయుదురు. మానుకొనబోవువానికి మరల సందేశము పంపుదురు.

లెక్క మాత్రము ఎప్పుడును నడుపువాని పక్షముననే యుండును. ఐరోపా పద్ధతి రూలెట్ చక్రమునకు 37 గడులుండును. ఒక్క గడిపై ఒడ్డి గెలిచినవానికి 35 రెట్లు మాత్రమే లాభమిత్తురు. అందువలన ఒడ్డిన ప్రతి 100 రూపాయలలో సగటున 2 రూపాయల 70 పైసలు నడుపువానికి మిగులును. ఇది స్వల్పముగా కనబడవచ్చును. అయితే మిగిలిన సొమ్మంతయు మరల మరల నూరు మారులు ఒడ్డినచో, ఆ 100 రూపాయలలో సగటున 7 రూపాయలైనను మిగులవు. కాబట్టి నడుపువానికి కావలసినది జనులు ఆడుట మానకుండుటయే. ప్రకటనల పని అదియే.

2. మన దేశపు చట్టములు నడచిన త్రోవ

1867లో బ్రిటిషు ప్రభుత్వము తన పాలనలోని కొన్ని ప్రాంతములకు బహిరంగ జూద చట్టమును చేసెను. జూదగృహము నడుపువానికి 200 రూపాయల వరకు జరిమానా లేక మూడు నెలల వరకు చెర. అందు దొరికినవానికి 100 రూపాయల వరకు జరిమానా లేక ఒక నెల వరకు చెర. నైపుణ్యముతో ఆడు ఆటలను ఆ చట్టము మినహాయించెను. ఆ తరువాత వచ్చిన వ్యాజ్యములలో పెక్కు ఈ మినహాయింపు చుట్టే తిరిగెను.

వానిలో ఒకటి సికిందరాబాదులోని ఒక క్లబ్బునుండి వచ్చినది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయని తీర్పిచ్చెను. ఆ తీర్పులో మరియొక మాటయు కలదు: పందెములతో ఆడు ఆటనుండి గృహయజమాని గాని క్లబ్బు గాని లాభము తీయుచున్నట్లు రుజువైనచో నేరము స్థాపింపబడవచ్చునని న్యాయమూర్తులు తెలిపిరి. పేకాట క్లబ్బులవారు మొదటి మాటను తరచుగా చెప్పుకొనిరి. రెండవ మాటను అంతగా తలంపలేదు.

రాజ్యాంగము పందెములను, జూదమును రాష్ట్రముల జాబితాలో చేర్చెను. ఆట ఫోనులలోనికి ప్రవేశించినప్పుడు 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టములను సవరించి ఆన్‌లైన్ జూదమును నిషేధించినవి. అయినను ప్రకటనలు ఆగలేదు. నష్టభయమును, వ్యసనభయమును తెలుపు హెచ్చరిక ఉండవలెనని 2020 డిసెంబరులో ప్రకటనల ప్రమాణ మండలి నియమము పెట్టెను. పందెపు ప్రకటనలు ప్రచురింపవద్దని 2022లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ పత్రికలకును టెలివిజనులకును సలహాలు పంపెను. అప్పుడు కొందరు వార్తల పేరిటను, క్రీడావిశేషముల పేరిటను అదే గుర్తును చూపసాగిరి. 2025 మార్చిలో హైదరాబాదు ప్రాంతపు పోలీసులు, పందెపు యాపులకు ప్రచారము చేసిరన్న ఆరోపణపై సినిమా నటులమీదను సామాజిక మాధ్యమములలో పేరుపొందినవారిమీదను కేసులు నమోదు చేసిరి.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల చట్టమును ఆమోదించెను. ఆ నెల 22వ తేదీన రాష్ట్రపతి సమ్మతి లభించెను. సొమ్ము ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనను అదృష్టమైనను దానిని నడుపుట నేరము. నడుపువానికి మూడేండ్ల వరకు చెర, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేయువానికి రెండేండ్ల వరకు చెర, 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. ఆడువానికి మాత్రము ఆ చట్టములో శిక్ష లేదు. నష్టపోయినవానిగా అతని నెంచి, పిలిచినవానిని బాధ్యుని చేసినది. పిట్టగోడ ఆజ్ఞలోని న్యాయమునకు ఇది సమీపమైనది. అయితే వెంటనే న్యాయస్థానములలో ఆ చట్టమును ప్రశ్నించుచు వ్యాజ్యములు దాఖలైనవి. గోడ కట్టుటతో పని తీరదు, దానిని కాపాడవలయును.

3. బ్రిటనునుండి ఒక పాఠము

ఈ పనిలో ఎంత ఓర్పు కావలెనో బ్రిటను చరిత్ర చూపుచున్నది. విలియం విల్బర్‌ఫోర్సు యౌవనమున జూదమాడెడివాడు. ఒక రాత్రి 600 పౌనులు గెలిచెను. ఓడినవారిలో పలువురు ఆ నష్టమును భరింపలేని యువకులని గ్రహించి, వారి బాధను చూచి, ఆట మానుకొనెను. తన గెలుపులో పొరుగువాని కన్నీటిని చూచుట ఆయనకు మేలుకొలుపాయెను. అటుపిమ్మట 1826లో ఆ దేశపు ప్రభుత్వ లాటరీ ఆగిపోయెను.

1890లో అక్కడ జాతీయ జూద వ్యతిరేక సంఘము ఏర్పడెను. క్వేకరు విశ్వాసియైన సీబోం రౌంట్రీ 1905లో పందెముల కీడునుగూర్చి ఒక గ్రంథమును సంకలనము చేసెను. 1906లో వీధులలో పందెములు కాయుటను నిషేధించు చట్టము వచ్చెను. కాని అందొక లోపము కలదు. వీధిలో పెన్నీలు ఒడ్డు పనివాడు పట్టుబడెను. గుఱ్ఱపు పందెములలో అప్పుమీద ఒడ్డు ధనవంతుడు తప్పించుకొనెను. పేదవాని మిద్దెకు మాత్రమే గోడ కట్టు చట్టము న్యాయమైన చట్టము కాజాలదు.

తరువాతి కాలమున ఆ దేశమే గోడను పడగొట్టెను. 2005 నాటి చట్టము 2007 సెప్టెంబరులో అమలులోనికి రాగా టెలివిజనులో పందెపు ప్రకటనలు విస్తరించెను. పందెపు దుకాణములలోని కొన్ని యంత్రములపై 20 సెకండ్లకొక మారు 100 పౌనుల వరకు ఒడ్డవచ్చుననియుండెను. దానిని 2 పౌనులకు తగ్గించుటకు ఏండ్ల తరబడి ప్రయాసపడవలసి వచ్చెను. జూదమువలన కుమారులను కోల్పోయిన తల్లిదండ్రులు పార్లమెంటు సభ్యుల ముందు నిలిచిరి. సెయింట్ ఆల్బన్సు బిషప్పు అలన్ స్మిత్ ప్రభువుల సభలో వారి పక్షమున మాటలాడెను. ఆ తగ్గింపును ప్రభుత్వము వాయిదా వేయగా 2018 నవంబరులో మంత్రి ట్రేసీ క్రౌచ్ తన పదవిని విడిచెను. అంతట ప్రభుత్వము వెనుకకు తగ్గి 2019 ఏప్రిల్‌లో దానిని అమలుచేసెను. పెద్ద ఫుట్‌బాల్ జట్లు చొక్కా ముందుభాగమున పందెపు సంస్థల పేర్లు వేసికొనుట 2025–26 క్రీడాకాలముతో మానుదుమని 2023 ఏప్రిల్‌లో ఒప్పుకొన్నవి. చొక్కా చేతుల సంగతి మాత్రము ఆ ఒప్పందములో లేదు.

4. మూడు అభ్యంతరములు

మొదటిది: పెద్దవాడు తన సొమ్మును తన యిష్టము చొప్పున ఖర్చుచేయవచ్చును గదా? వ్యసనములో చిక్కినవానికి ఇష్టమే బంధకమైయుండును. అదియుగాక అతడు ఒడ్డునది భార్య నగ, బిడ్డల బడి జీతము, తండ్రి అమ్మిన పొలము సొమ్ము కావచ్చును. వారెవరును ఆటకు సమ్మతింపలేదు.

రెండవది: ప్రభుత్వమునకు ఆదాయము వచ్చును గదా? కేరళ ప్రభుత్వము 1967లో లాటరీ స్థాపించి నేటికిని నడుపుచున్నది. ఆ ఆదాయము సంక్షేమమునకు ఉపయోగపడునని వాదించుచున్నది. అయితే ఆసుపత్రికి కావలసిన ధనమును ఆశపడు పేదవాని జేబునుండి తీయుటకంటె, కలిగినవారినుండి న్యాయమైన పన్నుగా తీయుట మేలు. ఫిలిప్పీలో దయ్యము పట్టిన చిన్నది విడుదల పొందినప్పుడు ఆమె యజమానులు ఏడ్చినది పోయిన రాబడికొరకే (అపొ. కార్య. 16:16–21).

మూడవది: నిషేధించినచో ఆట చాటుగా నడచును గదా? ఈ మాటలో నిజము కలదు. విదేశములలో కూర్చుండి నడుపువారిని పట్టుట కష్టము. అందుచేత చట్టముతోపాటు సొమ్ము చేరు మార్గములను మూయుట, వ్యసనమునకు చికిత్స, బాలురకు బోధ అవసరము. అయినను చాటుగా వెదకుకొని పోవువారికంటె, బహిరంగముగా పిలువబడి పడిపోవువారే ఎక్కువ. గోడ దూకువాడు ఒకడుండినంత మాత్రమున గోడ వ్యర్థము కాదు.

5. నెహెమ్యా చూపిన మార్గము

యెరూషలేములో పేదలు పొలములను కుదువపెట్టి, బిడ్డలను దాస్యమునకు అప్పగింపవలసిన గతి పట్టెను. నెహెమ్యా చేసిన పని క్రమముగా గమనింపదగినది.

మొదట ఆయన మొఱ్ఱ వినెను. సంఘపెద్దలు ఇండ్లు దర్శించునప్పుడు అప్పుల సంగతి మెల్లగా అడిగి తెలిసికొనవలెను. జూదములో నష్టపోయిన కుటుంబము సిగ్గుచేత గుడికి రాకుండ పోవుట తరచుగా జరుగును. అట్టివారిని బహిరంగముగా గద్దించుట పడినవానిపై రాయి వేయుటయే యగును. మనస్సు కృంగినవారికి ప్రభుత్వపు టెలీ మానస్ సహాయము 14416 నంబరునందు లభించును. ఆన్‌లైన్ మోసములనుగూర్చి 1930కి తెలుపవచ్చును.

రెండవది, ఆయన తనలో తాను ఆలోచించెను. కోపమును ఆలోచనగా మార్చెను. ఏ ప్రకటన, ఏ తేదీన, ఎక్కడ కనబడెనో వ్రాసి యుంచి, ప్రకటనల ప్రమాణ మండలికిని అధికారులకును పంపు ఫిర్యాదు, వట్టి నిట్టూర్పుకంటె ఫలించును.

మూడవది, ఆయన ప్రధానులను ముఖాముఖిగా గద్దించి, మహా సమాజమును కూర్చెను. శాసనసభ్యునికి ఒక్కడు వ్రాసిన ఉత్తరము కంటె, ఊరిలోని అన్ని సంఘములును, ఇతర మతములవారును, ఉపాధ్యాయులును కలిసి సంతకము చేసిన వినతిపత్రము బలమైనది. ఈ బాధకు మతభేదము లేదు.

నాలుగవది, తానును అప్పిచ్చినవారిలో ఉన్నట్లు నెహెమ్యా ఒప్పుకొని మొదట తన చేతులను శుద్ధిచేసికొనెను (5:10). సంఘములు దీనిని మరువరాదు. కోతపండుగలలోను క్రిస్మసు సంతలలోను అదృష్టపు చీట్లు అమ్మి, సొమ్ము పెట్టి తంబోలా ఆడించి గుడి నిధికి చేర్చు సంఘము, ప్రభుత్వమును చట్టము అడుగుటకు ఏ ముఖముతో పోవును? మొత్తము చిన్నదే కావచ్చును. అయినను బాలుడు మొదటి చీటిని గుడి ఆవరణములోనే కొనినట్లగును.

ఐదవది, మాటతో విడువక యాజకుల యెదుట ప్రమాణము చేయించెను. వాగ్దానము చేసిన ప్రతినిధులను మరల అడుగుట, అమలు కాని చట్టమును జ్ఞాపకము చేయుట సంఘము మానరాదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పడినవానిని మాత్రమే నిందించి, పిలిచినవానిని విడిచిపెట్టుట ఎందుచేత సులభమగుచున్నది?

2. సంఘపు నిధి సేకరణలో అదృష్టముపై ఆధారపడు పద్ధతులు కలవా? వానికి బదులు ఏమి చేయవచ్చును?

3. ఈ సంవత్సరము ఊరిలోని యువకులకొరకు ఏ అధికారికి, ఏ కోరికతో వినతిపత్రము ఇయ్యవలయును?

ప్రార్థనాంశములు: అప్పులలో మునిగిన కుటుంబముల కొరకు, తమ కీర్తిని ప్రకటనలకు అమ్ముకొనుటకు శోధింపబడు ఆటగాండ్ర, నటుల కొరకు, చట్టములు చేయువారి కొరకును, వాటిని అమలుపరచు పోలీసుల కొరకును, మిద్దె అంచున నిలిచి ఇంకను పడిపోని ప్రతి యువకుని కొరకు.