ఎర్ర పురుగు కథ

వానలు మొదలైన రోజుల్లో మా హాస్టల్ సిమెంటు తొట్టె అడుగున సన్నని ఎర్రటి పురుగులు కనిపించాయి. నెత్తురు తాగేవని ఒకరు, కడుపులోకి పోతే నులిపురుగులవుతాయని ఇంకొకరు అన్నారు. చిన్న తరగతుల తమ్ముళ్లు రెండు రోజులు స్నానాలే మానేశారు. సంగతి తేలుద్దామని నాలుగింటిని గాజు గ్లాసులో పట్టి, జీవశాస్త్రం మాస్టారి భూతద్దంతో చూశాము.

ఇవి కైరోనమస్ అనే కీటకపు డింభకాలు. తల కింద ఒక జత, తోక దగ్గర ఒక జత పొట్టి కాళ్లవంటివి ఉంటాయి. వానపాము పిల్లకు అవి ఉండవు. ఆ ఎరుపు హీమోగ్లోబిన్ వల్ల వచ్చింది. ఎవరి రక్తమో తాగితే వచ్చింది కాదు, దాని సొంతమే. గాలి సరిగా అందని బురదలో బతకడానికి అదే ఆధారం. నోటి నుంచి వచ్చే దారంతో ఒండ్రును అతికి గొట్టం కట్టుకుని, కుళ్లిన ఆకులు, నాచు తింటుంది. రాజాం చుట్టుపక్కల చెరువుల్లో, గెడ్డల్లో చేపలకు ఇలాంటివి మంచి మేత.

పెరిగాక కోశస్థ దశ దాటి, రెక్కలతో ఎగురుతుంది. సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ముసిరేవాటిలో ఇవీ ఉంటాయి. దోమలనుకుని మేమెన్నిటిని చంపామో! దీనికి కుట్టే తొండం లేదు. వాలినప్పుడు ఇది ముందుకాళ్లు ఎత్తి ఉంచుతుంది, దోమ సాధారణంగా వెనుకకాళ్లు ఎత్తుతుంది. మగవాటి స్పర్శశృంగాలు ఈకల్లా ఉంటాయి గాని, మగదోమకూ అంతే. మేము మొదట అక్కడే పొరబడ్డాము.

కీటకాన్ని సరిగా పోల్చుకోవడం చిన్న పని కాదు. రోనాల్డ్ రాస్ ఏ జాతి దోమో తెలియక చాలాకాలం వేరేవాటిని కోసి చూశాడు. చివరకు 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమి దొరికింది.

కుట్టదు కదా అని ఆ నీరు తాగకూడదు. ఈ కీటకాల గుడ్ల జిగురులో కలరా సూక్ష్మజీవి పెరుగుతుందని 2001లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు చూపారు. మామూలు బ్లీచింగ్‌కు పురుగులు అంత తేలిగ్గా చావవు. మా తొట్టెకు మూత లేదు, అడుగున బెత్తెడు ఒండ్రు ఉంది. ఆదివారం దాన్ని ఖాళీచేసి, ఒండ్రు ఎత్తి, కడిగి, పైన దోమతెర గుడ్డ బిగించాము. తమ్ముళ్లు ఆ సాయంత్రమే స్నానాలకు వచ్చారు.

గ్లాసులోని నాలుగింటిలో రెండు, నాలుగో రోజు పొద్దున మూతగుడ్డ కింద ముందుకాళ్లు ఎత్తుకుని వాలి ఉన్నాయి.