కళ్లములోని ఎద్దు, మంచులోని కుక్క

పాఠభాగములు: ద్వితీయోపదేశకాండము 25:4, నిర్గమకాండము 23:12, సామెతలు 12:10

కళ్లములో కంకులు తొక్కుచున్న ఎద్దు నోరు కట్టకూడదని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. దీనిని చదివిన మన ఆదోని ప్రాంతపు రైతు, "దంతె తోలునప్పుడు చిక్కము వేయకున్న పైరు మిగులునా?" అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పైరు నడుమ చిక్కము వేయుట తప్పు కాదు. ఆ ఆజ్ఞ కళ్లమును గూర్చినది. దేని కష్టముచేత గింజ రాలుచున్నదో దాని నోటికి ఆ గింజ అందవలెను. అయితే ఎంత అందవలెను? ఎప్పుడు అందవలెను?

ఈ లెక్కను తేటగా చూపు జంతువు ఒకటి మనకు బహు దూరమున, అమెరికాకు చెందిన అలాస్కాలో ఉన్నది. అచ్చట చలికాలమున నేలంతయు మంచు కప్పును. చక్రములు లేని స్లెడ్జి బండ్లను కుక్కలు జట్లుగా లాగును. 1925 జనవరిలో నోమ్ అను ఊరిలో డిఫ్తీరియా అను గొంతు రోగము పిల్లలను పట్టుకొనగా, ఇరువదిమంది తోలువారును సుమారు 150 కుక్కలును ఒక జట్టునుండి మరియొక జట్టునకు మందు అందించుచు, 674 మైళ్లు అయిదున్నర దినములలో చేరవేసిరి. 1973 నుండి ఆ దేశములోనే సుమారు 1,000 మైళ్ల స్లెడ్జి పందెము నడచుచున్నది.

ఆ కుక్క పెద్దదనుకొనవద్దు. దాని బరువు ఇరువది, ఇరువదియైదు కిలోలు మాత్రమే. అయినను పందెపు దినములలో అది సుమారు 10,000 కెలోరీల శక్తి ఖర్చుచేయును. పొలములో కష్టించు మనుష్యునికి 3,000 లేక 3,500 చాలును! పరుగునకు కొంత, ఒంటి వేడి నిలుపుకొనుటకు కొంత పోవును. ఇంత శక్తిని ధాన్యముతో ఇయ్యదలచిన దాని చిన్న కడుపు పట్టదు. గ్రాము ధాన్యపు పిండిలో నాలుగు కెలోరీలుండగా గ్రాము కొవ్వులో తొమ్మిది కలవు. కాబట్టి తోలువారు మాంసము, సాల్మన్ చేప, కొవ్వు పెట్టుదురు. దారిలో మాటిమాటికి ఆపి కొంచెము కొంచెముగా అందింతురు. చలిలో కుక్క వట్టి నీళ్లు సరిగా త్రాగదు గనుక గోరువెచ్చని నీటిలో మాంసపు రుచి కలిపి పోయుదురు. మన యిండ్లలో తవుడు కలిపిన కుడితి పెట్టుట యీ ఉపాయము వంటిదే కదా!

ఇప్పుడు మన ఎద్దును చూడుడి. దినమెల్ల దున్నిన ఎద్దుకు, ఊరకే కట్టివేయబడిన ఎద్దుకంటె సుమారు ఒకటిన్నర రెట్ల శక్తి కావలెను. కుక్క లెక్క యెదుట ఇది స్వల్పమే. మరి ఎద్దు ఏల చిక్కిపోవును? దాని కడుపు వేరు విధమైనది. నాలుగువందల కిలోల ఎద్దు ఎనిమిది, పది కిలోల ఎండు చొప్పకంటె ఎక్కువ తినజాలదు. తినినదంతయు నెమరు వేయుటకు దినమునకు ఏడెనిమిది గంటలు పట్టును. కుక్కవలె దారిలో ఒక ముక్క మ్రింగి పరుగెత్తుట దాని వల్ల కాదు. విశ్రాంతి దినమున ఎద్దును గాడిదయు విశ్రమింపవలెనని నిర్గమకాండములో ఉన్నది. రైతు కన్నులకు ఎద్దు పండుకొని ఊరకున్నట్లు కనబడును గాని, నిజముగా అది అప్పుడే భోజనము చేయుచున్నది. సూర్యోదయము మొదలు సూర్యాస్తమయము వరకు కాడి దింపని వాడు గాడి నిండ చొప్ప వేసినను ఎద్దుకు సగమే పెట్టినవాడు.

మన సీమలో అసలు కష్టము వేసవిలో వచ్చును. పూర్వము జొన్న పండిన నల్లరేగడి నేలలు అనేకము పత్తికి, మిరపకు మారినవి. పత్తి రొక్కము తెచ్చును గాని చొప్ప తేదు. తుంగభద్ర దాపున మంత్రాలయము వైపు వరిగడ్డి దొరకును. అది జొన్నచొప్ప అంత బలము కాదు. ఎమ్మిగనూరు పశువుల సంతలో పళ్లు చూచి, మూపురము చూచి, నడక చూచి బేరమాడుదురు. వామిలో ఎంత మేత ఉన్నదని మాత్రము ఇంటివద్దనే లెక్కచూచుకొని రావలెను! చైత్ర వైశాఖములలో ఎముకలు తేలిన జతకు ఏరువాకనాడు కాడి వేసి, "లేవదు, సోమరి" అని ముల్లుకర్రతో పొడుచుట నేను చూచితిని. నీతిమంతుడు తన పశువు ప్రాణమును లక్ష్యపెట్టునని సామెతల గ్రంథము చెప్పునది ఇట్టి ఉదయమును గూర్చియే.

ఉత్తర దేశపు తోలువారు మంచు గట్టిపడక ముందే, శరదృతువులోనే కుక్కలకు మేత పెంచుచు పని అలవాటు చేయుదురు. మనమును తొలకరికి నెల ముందే మొదలు పెట్టవలెను. నానబెట్టిన పత్తిగింజలు, వేరుశనగ చెక్క, ఉడికించిన ఉలవలు, తవుడు, వీటిలో చేతనైనవి కలిపి మొదట అరకిలో, మెల్లగా పెంచి పని దినములకు రెండు కిలోల వరకు తేవచ్చును. ఒక్కసారిగా గంపెడు గింజలు పెట్టకుడి. కడుపులో పులుపు పుట్టి ఎద్దు పడిపోవును, చావవచ్చును. కుక్కకు కొవ్వు మంచిదని ఎద్దుకు నూనె పోయుటయు పనికిరాదు. నెమరు కడుపు చెడును. దినమునకు సుమారు ముప్పది గ్రాముల ఉప్పు, ఎండకాలమున త్రాగినన్ని నీళ్లు కావలెను. వానలు తప్పి గిడసబారిన లేత జొన్నపైరు ఎంత ఆకలియైనను మేపరాదు. అందులో నాము విషముండును.

చల్లని ప్రొద్దున కాడి కట్టి, ఎండ ముదరక ముందే విప్పి, చెట్టునీడను చొప్ప వేసి విడువుడి. రెండు ఎద్దులును పండుకొని దవడలాడించుచున్నంత సేపు వాటిని లేపకుడి.