ఉప్పు మానకు, నిద్ర మానకు



నువ్వు పంపిన పొడుగాటి మెసేజు చదివాను. ఫోన్లో జవాబు చెబితే మధ్యలో మీ అమ్మ లాక్కుని తనే మాట్లాడేస్తుంది, అందుకని కాగితం తీశాను. మాత్రలతో పాటు సహజంగా ఇంకేం చేసుకోవచ్చని అడిగావు. మంచి ప్రశ్నే. కానీ చిట్టచివర "అవి పనిచేస్తే మెల్లగా లిథియం తగ్గించేసుకుంటా" అని ఒక ముక్క తగిలించావు చూడు, రిటైరయ్యేదాకా వార్డుల్లో తిరిగినదాన్ని కదా, నా కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి. దాని సంగతి తేల్చాకే మిగతావి.

లిథియాన్ని ఉన్మాదానికి మందుగా వాడి, 1949లో ఆ సంగతి లోకానికి చెప్పింది ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్. ఆయన ఆ మందు ఇచ్చిన తొలి రోగి ఏళ్ళ తరబడి ఉన్మాదంలోనే ఉండి ఆసుపత్రి గడప దాటని మనిషి. మందు పడ్డాక కొద్ది వారాల్లోనే కుదుటపడ్డాడు. ఇంటికెళ్ళాడు, పాత ఉద్యోగంలో చేరాడు. అంతా బాగానే ఉంది కదా అని మందు మానేశాడు. నెలలు తిరక్కుండానే మళ్ళీ ఆసుపత్రి. మళ్ళీ లిథియం మొదలుపెడితే ఈసారి అది ఒంట్లో ఎక్కువైపోయి, ఆ విషంతోనే 1950లో పోయాడు. రక్తంలో ఎంత ఉందో చూసి మోతాదు సర్దే పద్ధతి అప్పటికింకా వాడుకలోకి రాలేదు. నీకు ఆ పరీక్ష ఉంది. మొన్న 0.7 వచ్చిందన్నావు. దీర్ఘకాలం వాడేవాళ్ళకు 0.6 నుంచి 0.8 మధ్య ఉంచాలని చూస్తారు. 1.5 దాటితే ప్రమాదం.

లిథియం ఒక్కసారిగా ఆపేస్తే ఉన్మాదం తిరగబడే ప్రమాదం బాగా పెరుగుతుంది. నీకున్న బైపోలార్ జబ్బులో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలను బలంగా అడ్డుకునే మందుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది, ఆ కాపు కూడా పోతుంది. చేతులు వణుకుతున్నాయి, దాహం ఆగడం లేదు అన్నావు. ఆ రెండూ నిజమైన బాధలే, ఓర్చుకోమని నేననను. డాక్టరుగారికి చెప్పు. మోతాదు, వేళ, మాత్ర రకం మార్చి చూస్తారు. ఎప్పటికైనా తగ్గించాల్సి వస్తే ఆయన లెక్క ప్రకారం నెలల తరబడి తగ్గించాలి. నీ అంతట నువ్వు కాదు. దాహానికి మాత్రం మంచినీళ్ళే తాగు, కూల్‌డ్రింకులు కాదు. లిథియం మీద ఉన్నవాళ్ళు లావెక్కడానికి ఆ సీసాలు కూడా ఒక కారణం.

ఇప్పుడు మీ అమ్మ సలహా. ప్రకృతి ఆశ్రమంలో పదిహేను రోజులుంటే ఒళ్ళంతా శుభ్రపడుతుందంటోందట. ఉప్పు, నూనె లేని వంట, తేనె నిమ్మరసం నీళ్ళతో ఉపవాసం, ఎనిమా, కాఫీ బంద్. షుగరు, బరువు ఉన్నవాళ్ళు కొందరు అక్కడికి వెళ్ళి బాగుపడ్డామంటారు, నేను కాదనను. నీకు మాత్రం అది పనికిరాదు. ఎందుకో విను. లిథియం కూడా ఒక లవణమే. మూత్రపిండాలు దాన్ని దాదాపు సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పో నీళ్ళో తక్కువైతే ఉన్న సోడియాన్ని బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి, దాంతోపాటు లిథియాన్నీ లాక్కుంటాయి. నువ్వు వేసుకునేది అవే మాత్రలు, రక్తంలో మాత్రం అంకె ఎక్కిపోతుంది. ఉప్పు మానడం ఒక పక్క, ఉపవాసం ఇంకో పక్క. కాఫీది కూడా ఇదే తంతు. అందులోని కెఫీన్ లిథియాన్ని మూత్రంతో బయటికి తోస్తుంది, రోజూ నాలుగు గ్లాసులు తాగే నువ్వు ఠక్కున మానేస్తే లెవెల్ పెరుగుతుంది. ఈ మూడూ ఒకేచోట, ఒకే వారంలో, పక్కన రక్తపరీక్ష లేకుండా జరగడమంటే నాకు భయం.

ఆశ్రమం దాకా ఎందుకు, మీ ఇంట్లోనే చూడు. మీ నాన్నకు బీపీ అని మీ అమ్మ ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించేసింది. ఆయనకు అది మందు, నీకు కాదు. నీకు ఎక్కువ ఉప్పూ వద్దు, తక్కువ ఉప్పూ వద్దు, రోజూ ఒకేలా ఉండాలి. ఆవకాయ అలవాటుంటే అలాగే తిను, ఒక వారం జాడీ ఖాళీ చేసి మరుసటి వారం చప్పిడి తినకు. మీ నాన్నకు రాసిన బీపీ మాత్రల్లో కొన్ని రకాలు కూడా లిథియాన్ని పెంచుతాయి, కాబట్టి ఇద్దరి మాత్రల డబ్బాలూ కలవకుండా చూసుకో. ఒళ్ళునొప్పులకు డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వద్దు, పారాసిటమాల్ అడుగు.

నేను పనిచేసేటప్పుడు ఒక మే నెలలో ఒకాయన్ని ఆటోలో తీసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. అన్నం మానేశాడు గానీ లిథియం మాత్రం పొల్లు పోకుండా వేసుకున్నాడు. పాపం, అదే పద్ధతనుకున్నాడు. నడుస్తుంటే తూలుతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. పొద్దున్నే తాగొచ్చాడని వాళ్ళ బావమరిది తిట్టిపోస్తున్నాడు. మంచినీళ్ళ గ్లాసు అందిస్తే రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా సగం చొక్కా మీదే పోయింది. ఆ చేతుల కుదుపు మామూలు వణుకు కాదు. పరీక్ష వచ్చేదాకా ఆగకుండా సెలైన్ పెట్టాం, బతికి బయటపడ్డాడు. వాంతులైనా, విరేచనాలైనా, జ్వరమైనా, ఎండదెబ్బైనా ఆ రోజు మాత్ర వెయ్యాలా ఆపాలా అని వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఈ ప్రశ్న రాకముందే అడిగి రాయించుకుంటే ఇంకా మంచిది. ఎండాకాలం ఉప్పేసిన పల్చటి మజ్జిగ దగ్గర పెట్టుకో.

అయితే సహజమైనవేవీ పనికిరావా అంటావు. పనికొస్తాయి. అన్నిటికంటే పనికొచ్చేదానికి పైసా ఖర్చు లేదు, అందుకే దాన్ని ఎవరూ నీకు అమ్మరు. అది నిద్ర. ఎంతసేపు అన్నదే కాదు, ఏ వేళకు అన్నది కూడా ముఖ్యం. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే సైకాలజిస్టు బైపోలార్ ఉన్నవాళ్ళకు మందులతో పాటు రోజువారీ వేళలు స్థిరంగా ఉంచుకోవడం నేర్పించింది. రెండేళ్ళు కనిపెట్టి చూస్తే, జబ్బు ముదిరి ఉన్నప్పుడే ఆ పద్ధతి నేర్చుకున్నవాళ్ళు ఆ తర్వాత ఎక్కువకాలం కుదురుగా ఉన్నారని 2005లో రాసింది. ఆవిడ అయిదు వేళలు రాసుకోమంటుంది: మంచం దిగింది, మొదటిసారి మనిషితో మాట్లాడింది, పని మొదలుపెట్టింది, రాత్రి భోంచేసింది, పడుకుంది. ఆదివారం కూడా వీటిని అటూ ఇటూ జరపకు.

నీ ఫోనులో యాప్ ఉంటుందేమో, నాకు గోడ క్యాలెండరే ఇష్టం. ప్రతి గడిలో రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావో అంకె వెయ్యి. పోయిన శివరాత్రి తర్వాత నువ్వలా వేసి ఉంటే ఏడు, ఆరు, నాలుగు, మూడు అని దిగుతూ కనపడేది. అదే వారంలో నువ్వు నాకు ఫోన్ చేసి "పెద్దమ్మా, నాకిప్పుడు నిద్రే అక్కర్లేదు, బ్రహ్మాండంగా ఉంది" అన్నావు. రాత్రి రెండింటికి ఫ్యామిలీ గ్రూపులో వరసగా మెసేజులు, వాయిదాల మీద ఒక ట్రెడ్‌మిల్లు. దాని మీద ఇప్పుడు మీ అమ్మ తువ్వాళ్ళు ఆరేస్తోంది. తక్కువ పడుకుని అలసట తెలియకపోతే అది ఆరోగ్యం కాదు, గంట మోగినట్టే. రెండు రాత్రులు వరసగా అలా జరిగితే మూడో రోజు డాక్టరుకు ఫోన్ వెళ్ళాలి. ఆ ఫోన్ చేసే అధికారం మీ అమ్మకూ ఇచ్చెయ్యి, ఎందుకంటే ఆ సమయంలో నీకు నువ్వు బ్రహ్మాండంగానే కనపడతావు.

కాబట్టి జాగారాలు వద్దు. శివుడు నిన్నేమీ అనడు, సాయంత్రం అభిషేకం చేయించుకుని పడుకో. మీ బాబాయి కూతురి పెళ్ళి ముహూర్తం తెల్లవారుజామున అట. ముందురోజు సాయంత్రం వెళ్ళి అందరికీ కనపడి, విడిదిలో వేళకు నిద్రపో, తలంబ్రాలు వీడియోలో చూడొచ్చు. నీ ఆఫీసు నైట్ షిఫ్టు సంగతి అన్నిటికంటే పెద్దది. డాక్టరుగారి చేత ఉత్తరం రాయించి పగటి షిఫ్టు అడుగు. మానసిక అనారోగ్యం కూడా 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉంది, అడగడానికి సిగ్గుపడకు.

రాత్రి వెలుతురు తగ్గించు. నార్వేలో ఉన్మాదంతో ఆసుపత్రిలో చేరినవాళ్ళకు, మందులు నడుస్తుండగానే, నీలి కాంతిని అడ్డుకునే నారింజ రంగు కళ్ళద్దాలు సాయంత్రం ఆరు నుంచి పొద్దున ఎనిమిది దాకా పెట్టించారు. వారంలోనే మామూలు అద్దాలు పెట్టుకున్నవాళ్ళకంటే బాగా నెమ్మదించారు. 2016లో వచ్చింది, చిన్న అధ్యయనమే. ఫోను పక్కన పడేసి దీపం తగ్గించుకోవడానికి అంత ఆధారం చాలు. కుంగుబాటుకు వెలుగు చికిత్స కూడా ఉంది గానీ, పొద్దున్నే ఎక్కువ వెలుగు ఇస్తే కొందరికి మూడ్ ఎగదన్నుతుంది. 2018లో అమెరికాలో మధ్యాహ్నం వేళ ఇచ్చి చూస్తే మంచి ఫలితం వచ్చింది. అది డాక్టరు చూసుకోవాల్సిన పని, ఆన్‌లైన్లో దీపం కొనకు.

ఇక నీ స్నేహితుడు పంపిన జాబితా. చేప నూనె పరవాలేదు. ఒమేగా-3 కుంగుబాటు వైపు కొంత సాయపడవచ్చని కొన్ని పరీక్షల్లో తేలింది, ఉన్మాదం వైపు దానికి పట్టు లేదు. మాత్రల కంటే వారానికి రెండుసార్లు కానాగంతలు పులుసు పెట్టించుకో. పులస జోలికి మాత్రం పోకు, దాని ధర వింటేనే కుంగుబాటు వస్తుంది. అవిసె గింజలు మంచివే గానీ వాటిలోని ఒమేగా మన ఒంట్లో చేప నూనె రకంగా మారేది చాలా తక్కువ. అశ్వగంధను మందులతో పాటు ఇచ్చి జ్ఞాపకశక్తి లాంటివి మెరుగుపడతాయేమోనని ఒక చిన్న పరీక్ష 2013లో చేశారు, కొంత మేలు కనపడింది. కానీ అది థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు, లిథియమేమో థైరాయిడ్‌ను తగ్గిస్తుంది. రెండూ కలిస్తే నీ పరీక్షల అంకెలు దేనివల్ల మారాయో ఎవరికీ తెలియదు. కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ ఉన్నాయి. సెయింట్ జాన్స్ వోర్ట్ అని ఇంగ్లీషు పేరుతో అమ్మేది అసలు ముట్టుకోకు, అది ఉన్మాదంలోకి తోసెయ్యగలదు.

సర్పగంధ గురించి కూడా రాశాడు. దాన్ని ఉన్మాదానికీ రక్తపోటుకూ మందుగా కలకత్తా వైద్యులు 1931లోనే పత్రికకెక్కించారు, మన దేశపు ఘనతే. 1952లో అందులోంచి రెసర్పిన్ తీశారు. అది బీపీ పడగొడుతుంది, కుంగుబాటు తెస్తుందన్న పేరూ ఉంది. అంతకంటే మంచి మందులు వచ్చాక పక్కకు తప్పుకుంది. పేరు లేని పొట్లాల్లో వచ్చే పొడులైతే మరీ వద్దు, కొన్నిటిలో స్టెరాయిడ్లు కలుపుతారు, అవి ఉన్మాదాన్ని రేపుతాయి. కల్లు సహజమేగా అని కొంటెగా రాశావు. కల్తీ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారని నీకూ తెలుసు. మద్యం, కల్లు రెండూ మానెయ్యి.

యోగా చెయ్యి. ఆసనాలు, నెమ్మదిగా శ్వాస, శవాసనం. కపాలభాతి, భస్త్రిక లాంటి జోరు ప్రాణాయామాలు కొందరిని ఎగదోస్తాయి, వాటిని పక్కన పెట్టు. పది రోజుల మౌన ధ్యాన శిబిరాలు కూడా నీకిప్పుడు వద్దు. రోజూ అరగంట నడక చాలు, చెమట పడితే నీళ్ళు తాగు.

ఏదన్నా రాత్రి బతుకు మీద విసుగు పుడితే 14416కు ఫోన్ చెయ్యి, టెలి మానస్ అది, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. ఆ వెంటనే నాకు చెయ్యి, నేనెలాగూ నాలుగింటికే లేస్తాను.

వచ్చే పరీక్షకు రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం ఇవ్వు, పొద్దుటి మాత్ర ఇచ్చాకే వేసుకో. మూత్రపిండాల కోసం క్రియాటినిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్ కూడా చేయించి మూడు అంకెలూ నాకు పంపు. మీ అమ్మ కొన్న అశ్వగంధ సీసా వెళ్ళేటప్పుడు సంచిలో పెట్టుకో, పేరు నోటితో చెప్పడం కాదు, సీసానే డాక్టరుగారి బల్ల మీద పెట్టు.

మీ పెద్దమ్మ