ఆరోగ్య ప్రశ్నోత్తరాలు: పక్షవాతం వచ్చిన మిత్రునికి అండగా నిలవడం

ప్రశ్న: నలభై ఆరేళ్ల మిత్రునికి నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ చచ్చుబడ్డాయని, పాత సహోద్యోగులంతా చందాలు వేసుకుని నాలుగు లక్షలు పోగుచేశారని, ఆ సొమ్ముతో మూలకణాల ఇంజెక్షన్ చేయిస్తే అతను తిరిగి నడుస్తాడా అని నోయిడా పాఠకుడొకరు అడిగారు. ఫోన్‌కు వచ్చిన ఒక వీడియోలో అటువంటి రోగి లేచి నడిచాడట.

జవాబు: చేయించకూడదు. మెదడులో ఒక భాగానికి రక్తం అందకపోవడం వల్ల గాని, అక్కడి రక్తనాళం చిట్లడం వల్ల గాని కణాలు చనిపోవడమే పక్షవాతం. వేర్వేరు రకాల కణాలుగా మారగల మూలకణాలను ఎముక మజ్జ నుంచి తీసి రక్తంలోకి ఎక్కిస్తే ఆ నష్టం పూడుతుందన్న ఆశను ఈ దేశంలోనే, అదీ ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుడు కామేశ్వర్ ప్రసాద్ నేతృత్వంలోనే, పరీక్షించి చూశారు. ఐదు కేంద్రాల్లో 120 మంది రోగులపై జరిగిన ఆ పరిశోధన ఫలితాలు 2014లో వెలువడగా, మజ్జ కణాలు ఎక్కించుకున్నవారు ఎక్కించుకోనివారికంటే మెరుగ్గా కోలుకున్నట్టు తేలలేదు. కొన్ని రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి స్థిరపడిన చికిత్సలు మినహా, మూలకణాల వాడకం అనుమతి పొందిన పరిశోధనలకే పరిమితం కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది.

మరి వీడియోలోని మనిషి ఎలా నడిచాడన్న సందేహం సహజమే. పక్షవాతం తరువాత మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగాను, ఆపైన నెమ్మదిగాను సాగుతుంది కనుక, చాలామంది రోగులు ఏ ఇంజెక్షన్ లేకుండానే ఎంతోకొంత నడవగలుగుతారు. ఆ మధ్యలో ఇంజెక్షన్ పడితే సహజంగా వచ్చిన మెరుగుదల దాని ఖాతాలోకి పోతుంది. ఇంజెక్షన్ తరువాత కూడా మంచం దిగలేని రోగిని ఎవరూ వీడియో తీసి పంపరు. దిగులుపడి ఉన్న కుటుంబానికి ఇటువంటి వీడియోలు పంపడాన్ని సహాయమని భావించేవారు, ఆ ఇంటివారు వాటిని నమ్మి తాకట్టు పెట్టే నగలను ఒక్కసారి తలచుకోవాలి.

లేఖలో నిజంగా కనిపిస్తున్నది మూలకణాల మీద నమ్మకంకంటే, పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి మిత్రుని రుణం తీర్చుకోవాలన్న తొందర. ఆ తొందర వెనుక ఉన్నది ప్రేమే గాని, పక్షవాతం నెలల తరబడి ఖర్చు పెట్టించే జబ్బు. నాలుగు లక్షలను నెలలకు పంచితే ఫిజియోథెరపీకి, బొత్తాం పెట్టుకోవడం, గ్లాసు పట్టుకోవడం వంటి నిత్యకృత్యాలను మళ్లీ నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి, మందులకు, పిల్లల ఫీజులకు చాలాకాలం ఆదుకుంటాయి. వ్యాయామాలన్నీ భార్యే చేయిస్తుందిలే అని ఊరుకోవడం కూడా తగదు. భారతదేశంలో 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై జరిగి 2017లో ప్రచురితమైన అటెండ్ పరిశోధనలో, కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటిలో వ్యాయామాలు చేయించినందువల్ల ఆరు నెలల నాటికి మరణాలు గాని, పరాధీనత గాని తగ్గలేదు. ఆమెకు కావలసింది అదనపు బాధ్యత కాదు, వారానికి రెండు పూటలైనా మిత్రులెవరో వచ్చి కూర్చుంటే దొరికే విశ్రాంతి.

ప్రశ్న: మూతి వంకర పోగానే ఆస్పిరిన్ మాత్ర వేసి, వేళ్ల కొనలను సూదితో గుచ్చి రక్తం తీస్తే ప్రమాదం తప్పుతుందా? (ఫరీదాబాద్)

జవాబు: రెండూ చేయరాదు. రక్తం గడ్డకట్టిందో, నాళం చిట్లిందో సీటీ స్కాన్ తీయనిదే తెలియదు; చిట్లినప్పుడు ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచవచ్చు, మింగడం దెబ్బతిన్నవారికి మాత్ర ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి కనుక, లక్షణాలు మొదలైన సమయం రాసుకుని, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి.

ప్రశ్న: మిత్రునికి మాట పోయిందని, చూడడానికి వెళితే ఏడుస్తున్నాడని, వెళ్లడం మానేస్తే అతనికి ప్రశాంతంగా ఉంటుందా అని మయూర్ విహార్ నుంచి ఒక పాఠకుడు అడిగారు.

జవాబు: మానవద్దు. మెదడులోని భాషాకేంద్రాలు దెబ్బతిని మాట కూడకపోవడాన్ని అఫేసియా అంటారు. ఇందులో చాలామందికి ఎదుటివారి మాట చాలావరకు అర్థమవుతూనే ఉంటుంది, చెప్పదలచుకున్నది మాత్రం నోటికి రాదు. ఆ నిస్సహాయత వల్ల కన్నీరు రావచ్చు, మెదడుకు తగిలిన దెబ్బ వల్లనే ఏడుపు అదుపు తప్పవచ్చు, లేదా కుంగుబాటు కావచ్చు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి కుంగుబాటు వస్తుంది, దానికి చికిత్స ఉంది, వైద్యునికి చెప్పాలి.

ఢిల్లీలోని తెలుగువారి విషయంలో మరొక సంగతి ఉంది. ఇక్కడి స్పీచ్ థెరపీ ఎక్కువగా హిందీలో జరుగుతుంది గాని, చిన్ననాటి నుంచి తెలుగులో బతికిన మనిషికి ఆ మాటలు కూడా కావాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి చెక్కుచెదరనివారు ఏకభాషీయుల్లో 19.6 శాతం కాగా, ఒకటికి మించి భాషలు తెలిసినవారిలో 40.5 శాతం. ఒక భాష కోసం రెండోదాన్ని వదులుకోనక్కర లేదన్నమాట. చిన్న వాక్యాలతో, అవును, కాదు అని తల ఊపి చెప్పగల ప్రశ్నలతో తెలుగులో మాట్లాడుతూ, జవాబు కోసం తొందరపెట్టకుండా కూర్చునే మిత్రుడు ఆ రోగికి ఎంతో అవసరం. అతని ఎదుటే అతని గురించి ఇతరులతో మాట్లాడడం మాత్రం క్రూరత్వం.

ప్రశ్న: డబ్బు లేక మిత్రుడు బీపీ మాత్రలు మానేశాడని, ఇప్పుడు చూస్తే బీపీ మామూలుగానే ఉందని, ఫరవాలేదా అని ద్వారక పాఠకురాలొకరు అడిగారు.

జవాబు: ఫరవాలేదని ఎవరూ అనుకోరాదు. ఒక్కసారి చూసినప్పుడు మామూలుగా ఉన్న బీపీ ఎప్పుడూ అలాగే ఉంటుందన్న హామీ లేదు, ఢిల్లీ చలికి అది ఇంకా పెరుగుతుంది, రెండో పక్షవాతం మొదటిదానికంటే ఎక్కువ నష్టం చేయవచ్చు. జన ఔషధి కేంద్రాల్లో ఇవే మందులు బ్రాండు ధరకంటే ఎంతో చవకగా దొరుకుతున్నప్పుడు డబ్బు లేదని మానేయడం, మిత్రులు చూస్తూ ఊరుకోవడం, రెండూ తప్పే. వైద్యుని అడిగి రేపే తిరిగి మొదలుపెట్టించాలి.

ప్రశ్న: ఫ్యాక్టరీలో పనిచేసే మిత్రుడు లక్ష రూపాయల అప్పు అడుగుతున్నాడని, ఇవ్వాలా వద్దా అని ఘజియాబాద్ పాఠకుడొకరు అడిగారు.

జవాబు: అప్పుకంటే ముందు అతని హక్కులు చూడాలి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ చందా కట్టినవారికి వైద్యంతో పాటు, ఒకవైపు అవయవాలు చచ్చుబడే అర్ధాంగ పక్షవాతం వంటి దీర్ఘవ్యాధుల్లో, నిర్ణీత సర్వీసు ఉంటే, జీతంలో 80 శాతం చొప్పున పొడిగించిన అనారోగ్య భత్యం లభిస్తుంది. ఆయుష్మాన్ భారత్ కార్డు, 2025లో ఢిల్లీకి కూడా విస్తరించినది, ఆసుపత్రిలో చేరిన వైద్యానికే గాని బయటి ఫిజియోథెరపీకి పనికిరాదని గుర్తుంచుకోవాలి. ఢిల్లీలో రాయితీ ధరకు ప్రభుత్వ భూమి పొందిన ప్రైవేటు ఆసుపత్రులు పడకల్లో 10 శాతం, ఓపీలో 25 శాతం పేదలకు ఉచితంగా కేటాయించాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అఫేసియా వల్ల కలిగే వాక్ వైకల్యాన్ని కూడా గుర్తిస్తుంది కనుక, శాశ్వత లోపం మిగిలితే ధ్రువపత్రానికి దరఖాస్తు చేయాలి.

సంతకం పెట్టడానికి చెయ్యి రాని మనిషి, మంచం పక్కనుంచి కదలలేని అతని భార్య ఈ కౌంటర్లన్నిటి చుట్టూ తిరగలేరు; సెలవు పెట్టి, కాగితాలు పట్టుకుని, వారి తరఫున వరుసలో నిలబడవలసింది మిత్రుడు. ఆ తరువాత కూడా లోటు మిగిలితే ఇవ్వగలిగినంత ఇవ్వవచ్చు, కాని తిరిగి రాకపోయినా స్నేహం చెడనంత మొత్తమే ఇవ్వాలి, అది అప్పు కాదని ఇచ్చేనాడే చెప్పాలి; బాకీ దిగులు కూడా బీపీని పెంచుతుంది.