జంట ఆటలో బహుమతి సొమ్ము

ఇరువురు కలిసి ఆడి గెలిచిన సొమ్మును ఎట్లు పంచుకొనవలెను? ప్రశ్న చిన్నదే, కాని దీనివలన చెడిన స్నేహములు కలవు.

2015లో మన హైదరాబాదు క్రీడాకారిణి సానియా మీర్జా, స్విట్జర్లాండుకు చెందిన మార్టినా హింగిస్‌తో కూడి వింబుల్డన్ మహిళల డబుల్స్ గెలిచిరి. బహుమతి 3,40,000 పౌండ్లు. అది జంటకు కలిపి ప్రకటించిన మొత్తము. ఒకరు సర్వీసు చేయగా మరియొకరు వల వద్ద బంతిని ముగింతురు. ఆ పాయింటు ఎవరిది? మన పర్చూరు ప్రాంతమున పత్తిని, మిరపను కాటా వేసి పంచుకొనవచ్చును. గెలుపును కాటా వేయలేము. బండలాగుడు పోటీలలో ఏ ఎద్దు ఎంత లాగినదో ఎవరు చెప్పగలరు?

వేరు ఒప్పందము లేనిచో భాగస్వాములకు లాభనష్టములు సమానమని 1932 నాటి భారత భాగస్వామ్య చట్టము, 13వ సెక్షను చెప్పుచున్నది. అది వ్యాపారమునకు చేసిన చట్టమే అయినను, ఆటకును ఆ న్యాయము తగును.

కావున ప్రవేశ రుసుము, ప్రయాణపు ఖర్చు పెట్టినవారికి వాటిని ముందుగా ఇచ్చివేసి, మిగిలినది చెరిసగము చేసికొనవలెను. అధిక భాగము కోరువారు ఆటకు పూర్వమే ఆ మాట చెప్పవలెను. గెలిచిన పిదప అడిగినచో అది న్యాయము కాదు, బేరము. సొమ్ము నాలుగు దినములలో వ్యయమగును. తోడు ఆడినవాడు మరుసటి ఆటకును కావలెనని మనము మరువరాదు.